ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయాక మిగిలే టెంప్ ఫైళ్లు: చేత్తో తీయాలా, విండోస్‌కి అప్పగించాలా, క్లీనర్ పెట్టాలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది డీటీపీ, జిరాక్స్ షాపు. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్రా. అందుకే మా దగ్గర పెళ్లి కార్డుకి ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా వేయించుకునే ఇళ్లు చాలా ఉంటాయి. కాశీనగర్, గుణుపురం వైపు చిన్న షాపుల్లో, జనసేవా కేంద్రాల్లో కంప్యూటర్ మొరాయిస్తే నేనే వెళ్లి చూస్తుంటాను. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఒకే రకం. "అన్నా, సి డ్రైవ్ ఎర్రగా అయిపోయింది, ఏదీ సేవ్ అవడం లేదు."

డ్రైవ్‌లో ఖాళీ 10 శాతం కంటే తగ్గితే విండోస్ ఆ డ్రైవ్ పేరు కింద ఉండే గీతను ఎర్రగా చూపిస్తుంది. వెళ్లి చూస్తే సగం చోట్ల కారణం ఒకటే: మధ్యలో ఆగిపోయిన ప్రోగ్రామ్‌లు వదిలేసిన టెంప్ ఫైళ్లు, అంటే పని జరిగేటప్పుడు ప్రోగ్రామ్ తాత్కాలికంగా రాసుకునేవి. వాటిని తీయడానికి నాలుగైదు దారులున్నాయి. ఏది ఎవరికి సరిపోతుందో నా అనుభవంతో చెబుతాను. దానికి ముందు, తీయకూడనివి ఏవో చెప్పాలి. ఎందుకంటే చోటు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, పని పోతే తిరిగి రాదు.

మా షాపులోనే జరిగిన సంగతి ఇది. ఒక ఊరి గుడి కమిటీవాళ్లు చందాల పుస్తకం అచ్చుకి ఇచ్చారు. దాతల పేర్లు, గోత్రాలు, ఇచ్చిన మొత్తాలు, అంతా ఒక వర్డ్ ఫైలు. దాన్ని విన్‌రార్‌లో (ఫైళ్లని కుదించి ఒకే ముడిగా కట్టే ప్రోగ్రామ్) ముడిచి పంపారు. మా కుర్రాడు ఆ ముడి విప్పకుండా, విన్‌రార్ కిటికీలోంచే ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి తెరిచాడు. రెండు గంటలు కూర్చుని మొత్తాలు దిద్దాడు, మధ్యమధ్యలో సేవ్ కూడా చేశాడు. ఇంతలో కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే నీరసించి ఉంది, కంప్యూటర్ ఆగిపోయింది. తిరిగి వేసేసరికి సి డ్రైవ్ నిండిందన్న హెచ్చరిక కనబడింది. నేను పాతపట్నంలో ఉన్నాను, ఫోన్‌లో "టెంప్ అంతా తీసేయ్" అన్నాను. తీసేశాడు. దిద్దిన ఫైలు అందులోనే ఉంది.

విన్‌రార్ లోపలి నుంచి నేరుగా తెరిచిన ఫైలు టెంప్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది. మనం సేవ్ నొక్కినప్పుడల్లా అక్కడే సేవ్ అవుతుంది. మూసేటప్పుడు మాత్రమే విన్‌రార్ దాన్ని మళ్లీ ముడిలోకి పెట్టాలా అని అడుగుతుంది. మధ్యలో మిషన్ ఆగిపోతే ఆ ప్రశ్న రాదు, ఫైలు టెంప్‌లో అలాగే ఉండిపోతుంది. ఆ రెండు గంటల పనీ మళ్లీ చేశాం. ఆ తప్పు నాది, కుర్రాడిది కాదు. చూడకుండా తీసేయమని చెప్పినవాడిని నేనే.

అందుకే ఏ దారి పట్టినా, ముందు టెంప్ ఫోల్డర్ తెరిచి ఒకసారి కళ్లతో చూడండి. విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో టెంప్ అని రాసి, దానికి ముందూ వెనకా ఒక్కో శాతం గుర్తు పెట్టి ఎంటర్ నొక్కండి. ఆ ఫోల్డర్‌ని తేదీ ప్రకారం అమర్చుకుని, ప్రోగ్రామ్ ఆగిపోయిన రోజు ఫైళ్లు చూడండి. రార్ అనే అక్షరాల తరవాత డాలర్ గుర్తుతో మొదలయ్యే ఫోల్డర్ కనబడితే తెరిచి చూడాల్సిందే. ఎవరైనా జిప్ ఫైలుని విప్పకుండా నేరుగా తెరిచి ఉంటే, టెంప్ 1 అని మొదలయ్యే ఫోల్డర్ కూడా ఉండొచ్చు. లోపల మీ పని ఉంటే డి డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాకే మిగతా మాట.

వర్డ్ సంగతి వేరు. వర్డ్ ఆగిపోయినప్పుడు తిరిగి తెరిస్తే, అదే పాత కాపీని పక్కన పట్టీలో చూపిస్తుంది. మామూలుగా ప్రతి 10 నిమిషాలకీ అది దాచుకుంటుంది. నేను అన్ని షాపుల్లోనూ దాన్ని 2 నిమిషాలకి మార్చి వస్తాను. పట్టీలో కనబడకపోతే ఫైల్ మెనూలో ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్, రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ దాకా వెళ్లి చూడండి. ఈ కాపీలు టెంప్‌లో ఉండవు, వర్డ్ సొంత ఫోల్డర్‌లో ఉంటాయి. అక్కడ కూడా చూశాకే శుభ్రం మొదలుపెట్టండి.

కార్డులు డిజైన్ చేయడానికి కోరెల్‌డ్రా వాడేవాళ్లకి ఇంకో మాట. మీ ఫైలు పక్కనే బ్యాకప్ ఆఫ్ అని మొదలయ్యే పేరుతో ఒక కాపీ ఉంటుంది. చెత్తలా కనబడుతుంది, చెత్త కాదు. అసలు ఫైలు పాడైతే కార్డుని నిలబెట్టేది అదే. పార్టీ, అంటే పని ఇచ్చిన కస్టమర్, సరుకు తీసుకుని డబ్బు ఇచ్చి వెళ్లేదాకా దాని జోలికి వెళ్లొద్దు.

ఇక నిజంగా తీసేయాల్సిన వాటిలో పెద్దవి ఫోటోషాప్‌వి. ఫ్లెక్స్ పని చేసేవాళ్లకి దీని బరువు తెలియాలి. 20 అడుగులకి 10 అడుగుల ఫ్లెక్స్‌ని 72 రిజల్యూషన్‌లో, అచ్చుకి వాడే సీఎంవైకే నాలుగు రంగుల్లో తెరిస్తే ఒక్క లేయర్‌కే 570 ఎంబీ దగ్గర పడుతుంది. దాని మీద నాయకుల ఫోటోలు, పూలదండలు, పేర్లు, వెనక్కి వెళ్లడానికి ఫోటోషాప్ దాచుకునే పాత అంచెలు, అన్నీ చేరితే కొన్ని జీబీలు. ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ ఇదంతా డిస్క్ మీద స్క్రాచ్ ఫైలుగా రాసుకుంటుంది. సరిగా మూసుకుంటే తనే తీసేస్తుంది. ఆగిపోతే తీసేవాళ్లు లేరు. తిరిగి తెరిస్తే కొత్త ఫైలు రాసుకుంటుంది గానీ పాతది వాడదు. 120 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఇలా ఐదారుసార్లు జరిగితే చాలు, స్క్రాచ్ డిస్కులు నిండాయని ఫోటోషాప్ అసలు తెరుచుకోనే తెరుచుకోదు. ఫోటోషాప్ టెంప్ అని పేరు మొదలై, వెనక అంకెలుండే ఆ ఫైళ్లని, ఫోటోషాప్ మూసి ఉన్నప్పుడు నిర్భయంగా తీసేయొచ్చు. అందులోంచి ఫోటో తిరిగి తెచ్చుకోవడం మన వల్ల కాదు. 2012లో వచ్చిన సీఎస్ 6 నుంచి ఫోటోషాప్ వేరేగా రికవరీ కాపీ పెట్టుకుంటోంది, తిరిగి తెరిచినప్పుడు అదే చూపిస్తుంది. కాబట్టి ముందు ఫోటోషాప్ ఒకసారి తెరిచి, ఆ కాపీ వచ్చిందేమో చూసి, సేవ్ చేసుకుని, మూసి, అప్పుడు తీయండి. అది తెరుచుకోకపోతే కంట్రోల్, ఆల్ట్ నొక్కి పట్టుకుని ఫోటోషాప్ మొదలుపెట్టండి. స్క్రాచ్ డిస్క్ ఏదని అడుగుతుంది, డి డ్రైవ్ చూపించండి.

ఇప్పుడు దారుల దగ్గరికి వద్దాం.

నా ఓటు చేత్తో తీయడానికే, ముఖ్యంగా రోజంతా పార్టీ ఫైళ్లు వచ్చి పోయే షాపుల్లో. అయితే ఒక పద్ధతి ఉంది. ముందు కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయాలి. షట్‌డౌన్ చేసి మళ్లీ వేస్తే రీస్టార్ట్‌తో సమానం కాదు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్‌లో విండోస్ తన లోపలి భాగాన్ని దాచుకుని మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రం అంతా మొదటి నుంచి. ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని ఇన్‌స్టాలేషన్లు సగం పని టెంప్‌లో పెట్టుకుని, మిగతాది రీస్టార్ట్ తరవాత పూర్తిచేస్తాయి. ముందే తీసేస్తే ఆ ప్రింటర్ డ్రైవరో, ఆ అప్‌డేటో సగంలో నిలిచిపోతుంది. రీస్టార్ట్ అయ్యాక ఏ ప్రోగ్రామూ తెరవకుండా టెంప్‌కి వెళ్లి, వారం కంటే పాతవి ఎంచుకుని తీయండి. ఆగిపోయిన రోజు పెద్ద ఫైళ్లు తెలిసినవైతే అవి కూడా. ఫైలు వాడకంలో ఉందని విండోస్ అంటే వాదించకండి, స్కిప్ నొక్కి వదిలేయండి. రీసైకిల్ బిన్‌లోకి వెళ్లినంత మాత్రాన చోటు ఖాళీ కాదు. అయినా బిన్‌లోకి వెళ్లకుండా నేరుగా తీసేసే షిఫ్ట్ డిలీట్ నేను వద్దంటాను. రెండు రోజులు బిన్‌లో ఉండనిచ్చి, ఎవరూ ఏదీ అడగకపోతే అప్పుడు ఖాళీ చేయండి. చోటు అంత అత్యవసరమైతే ఫోటోషాప్ ఫైళ్లు మాత్రం నేరుగా తీసేయొచ్చు.

దీని లోటు ఒకటే, చేసేవాడికి కొంచెం తెలిసి ఉండాలి. పావుగంట పడుతుంది. షాపు నిండా జనం ఉన్నప్పుడు చేసే పని కాదు.

రెండో దారి డిస్క్ క్లీనప్. విండోస్‌తో పాటు ఎప్పటి నుంచో వస్తున్న పనిముట్టు. పాత విండోస్ 7 మిషన్లకి ఇదే దిక్కు. దీనిలో నాకు నచ్చే గుణం, టెంప్ ఫోల్డర్‌లో వారం రోజులుగా ఎవరూ ముట్టనివే తీస్తుంది. మన గుడి పుస్తకం కథ దీనితో జరిగేది కాదు. కానీ అదే గుణం ఇంకోరకంగా ఇబ్బంది పెడుతుంది. నిన్న ఆగిపోయిన ఫోటోషాప్ వదిలేసిన 15 జీబీ ఈరోజు అలాగే ఉంటుంది. "క్లీనప్ చేశాను, ఏం తగ్గలేదన్నా" అని ఫోన్లు వచ్చేది ఇందుకే. ఒక జాగ్రత్త: 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809లో ఈ జాబితాలోకి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని కూడా తెచ్చిపెట్టారు. తరవాత 2020 వెర్షన్‌లో తీసేశారు. అప్‌డేట్ లేని మిషన్లు మన వైపు ఇంకా ఉన్నాయి. వాట్సాప్ వెబ్ నుంచి పార్టీలు పంపే ఆధార్లు, ఫోటోలు, జాతకాలు అన్నీ పడేది డౌన్‌లోడ్స్‌లోనే. అన్నింటికీ టిక్ పెట్టే అలవాటున్న చేతికి ఆ వెర్షన్ ప్రమాదం.

మూడోది స్టోరేజ్ సెన్స్, 2017లో విండోస్ 10కి వచ్చింది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్ దగ్గర ఉంటుంది. ఆన్ చేసి పెడితే తనంతట తను తీస్తుంది, రోజుకోసారా, వారానికోసారా, నెలకోసారా, చోటు తగ్గినప్పుడా అన్నది మీరే చెప్పొచ్చు. జనసేవా కేంద్రాల్లో నేను పెట్టేది ఇదే. అక్కడ కూర్చునే పిల్లలకి కుల ధ్రువపత్రాలు, ఆదాయ ధ్రువపత్రాల దరఖాస్తులతోనే సరిపోతుంది, టెంప్ ఫోల్డర్‌కి తీరిక ఉండదు. పైగా వాళ్ల పని అంతా బ్రౌజర్‌లో, సేవ్ చేయని వర్డ్ ఫైళ్ల భయం తక్కువ. కానీ ఆన్ చేసి వదిలేయకండి, లోపలికి వెళ్లి రెండు చోట్ల చూడండి. డౌన్‌లోడ్స్ దగ్గర నెవర్ అని ఉండాలి. 14 రోజులు, 30 రోజులు అని పొరపాటున పెడితే, తీసుకెళ్లని పార్టీల ఫైళ్లు చెప్పకుండా పోతాయి. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) దగ్గర కూడా నెవర్ పెట్టండి. లేకపోతే కొన్నాళ్లు తెరవని ఫైళ్లని ఆన్‌లైన్‌లోనే ఉంచి, కంప్యూటర్‌లోంచి తీస్తుంది. కొండల మధ్య ఊళ్లలో నెట్ లేని రోజు ఆ ఫైలు కావాల్సి వస్తే తెరుచుకోదు.

చోటు ఎక్కడికి పోయిందో తెలియకపోతే అదే పేజీలో టెంపరరీ ఫైల్స్ నొక్కండి. ఎంత ఉందో లెక్క చూపిస్తుంది, అక్కడే చేత్తో కూడా తీయొచ్చు. ఇక్కడ కూడా డౌన్‌లోడ్స్ వరుస ఉంటుంది, టిక్ లేదని చూసుకున్నాకే నొక్కండి.

నాలుగోది, అందరూ మొదట పరుగెత్తేది, బయటి క్లీనర్లు. షాపు మిషన్‌కి నేను వద్దంటాను. ఎందుకో చెబుతాను. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి, కంపెనీ సర్వర్ నుంచే, దొంగ కోడ్ చేరింది. సెప్టెంబర్‌లో బయటపడేసరికి 20 లక్షలకి పైగా కంప్యూటర్లలో అది ఉంది. తరవాత సరిచేశారు, నిజమే. కానీ పార్టీల ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కు స్కాన్లు ఉండే మిషన్‌లోకి, అన్ని ఫోల్డర్ల మీదా అధికారం అడిగే బయటి ప్రోగ్రామ్‌ని పిలవడానికి గట్టి కారణం ఉండాలి. టెంప్ తీయడం అంత కారణం కాదు, విండోస్ తనే తీస్తుంది. రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు, శుభ్రం చేస్తామనే బటన్ అయితే అసలు ముట్టొద్దు, దానితో చోటూ రాదు, వేగమూ రాదు, ప్రోగ్రామ్‌లు చెడటం మాత్రం నేను చూశాను. తప్పదనుకుంటే బ్లీచ్‌బిట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, లైనక్స్‌లో కూడా నడుస్తుంది. దానిలో కూడా ప్రివ్యూ నొక్కి జాబితా చదివాకే డిలీట్.

చోటు సమస్య కాదు గానీ ఆగిపోయిన ప్రోగ్రామ్‌ల మిగులే ఇంకో రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. ఏ క్లీనరూ వాటిని సరిచేయదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను.

ఒకటి, వర్డ్ ఫైలు తెరిస్తే ఇంకెవరో వాడుతున్నారని, లాక్ అయిందని రావడం. షాపులో ఉన్నది ఒక్క మిషనే అయినా వస్తుంది. వర్డ్ తెరిచిన ప్రతి ఫైలు పక్కనా, అల గీత, డాలర్ గుర్తుతో మొదలయ్యే 162 బైట్ల చిన్న దాపుడు ఫైలు పెడుతుంది. ఆగిపోతే అది మిగిలిపోతుంది. ముందు టాస్క్ మేనేజర్ తెరిచి వర్డ్ వెనకాల ఇంకా నడుస్తోందేమో చూసి ఆపండి. తరవాత ఫోల్డర్‌లో వ్యూ దగ్గర హిడెన్ ఐటమ్స్ ఆన్ చేసి ఆ చిన్న ఫైలు తీసేయండి. నెట్‌వర్క్‌లో రెండో మిషన్ ఉంటే, అక్కడ నిజంగానే ఎవరైనా తెరిచి కూర్చున్నారేమో అడిగాకే.

రెండోది ప్రింటర్. ఒక ప్రింటు మధ్యలో ఇరుక్కుని, కాన్సిల్ అన్నా పోకుండా, వెనక వంద పేజీలు వరుసలో ఆగిపోవడం. ప్రింటర్ పాడైందని మెకానిక్‌కి కబురు పెట్టేవాళ్లున్నారు. సర్వీసెస్‌లోకి వెళ్లి, ప్రింట్లని వరుసలో పెట్టే ప్రింట్ స్పూలర్‌ని స్టాప్ చేయండి. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్ 32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్ తెరిచి లోపలున్న ఫైళ్లు తీసేయండి, ఫోల్డర్‌ని కాదు. స్పూలర్‌ని స్టార్ట్ చేయండి. రెండు నిమిషాల పని.

మరి మీకేది? ఫ్లెక్స్, కార్డులు చేసే షాపైతే చేత్తో, వారానికోసారి షాపు మూసే ముందు. దానితో పాటు ఫోటోషాప్ స్క్రాచ్‌ని డి డ్రైవ్‌కి మార్చేయండి. తీయడం కంటే ఇదే పెద్ద ఉపశమనం, ఎందుకంటే డి నిండినా విండోస్ ఊపిరి ఆడుతుంది. అయితే సి, డి రెండూ ఒకే ఎస్‌ఎస్‌డీ ముక్కలైతే డి వైపు చోటు వదిలి ఉంచాలి. డి పాత తిరిగే హార్డ్‌డిస్క్ అయితే ఫోటోషాప్ నెమ్మదిస్తుంది, అప్పుడు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఇంకొకటి పెట్టించుకోవడం మేలు. జనసేవా కేంద్రానికీ, పిల్లలు చదువుకునే ఇంటి కంప్యూటర్‌కీ స్టోరేజ్ సెన్స్, వారానికోసారి. విండోస్ 7 ఇంకా నడుపుతున్నవాళ్లకి డిస్క్ క్లీనప్ సరిపోతుంది. 2020 జనవరి నుంచి దానికి భద్రతా అప్‌డేట్లు లేవు కాబట్టి నెట్ బ్యాంకింగ్ మాత్రం ఆ మిషన్ మీద చేయొద్దు.

పెద్ద ఫైళ్లు లేకపోయినా టెంప్‌ని పట్టించుకోకుండా ఏళ్లు వదిలేయకూడదు. కొన్ని పాత ప్రోగ్రామ్‌లు టెంప్ పేర్లని విండోస్‌నే అడిగి తీసుకుంటాయి. ఒకే మొదలు అక్షరాలతో ఆ పేర్లు 65,535 దాకే ఉంటాయి. చిన్న చిన్న ఖాళీ ఫైళ్లే అయినా అన్ని పేర్లూ నిండిపోతే, డిస్క్‌లో ఎంత చోటున్నా ఆ ప్రోగ్రామ్ టెంప్ ఫైలు సృష్టించలేకపోతున్నానని మొరాయిస్తుంది. ఫోల్డర్ తెరవడానికే నిమిషం పడుతుంటే అనుమానించండి.

తీసిన వారానికే మళ్లీ నిండితే, ఇక శుభ్రం చేసే దారి గురించి ఆలోచించడం ఆపి, ప్రోగ్రామ్ ఎందుకు ఆగుతోందో చూడాలి. స్టార్ట్‌లో ఇంగ్లిష్‌లో రిలయబిలిటీ అని వెతికితే, తేదీల వారీగా ఒక పట్టిక వస్తుంది. ఏ రోజు ఏది ఆగిపోయిందో ఎర్ర గుర్తుతో ఉంటుంది. ఎర్ర గుర్తులన్నీ ఒకే ప్రోగ్రామ్ మీద ఉంటే దాన్ని తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. రోజుకో ప్రోగ్రామ్ ఆగుతుంటే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌తో ర్యామ్ పరీక్షించండి. ప్రోగ్రామ్ కాకుండా విండోస్ సరిగా మూసుకోలేదని రాసి ఉన్న రోజులే ఎక్కువైతే, ఆ తేదీల్లో కరెంటు పోయిందేమో గుర్తు తెచ్చుకోండి. 2018 అక్టోబర్ తిత్లీ తుపాను తరవాత మా వైపు కరెంటు సంగతి అందరికీ తెలుసు. మామూలు రోజుల్లో కూడా గాలివానకి ఒక్క రెప్పపాటు పోయి వస్తుంటుంది. యూపీఎస్ ప్లగ్ తీసి, మానిటర్, సీపీయూ రెండూ పనిలో ఉండగా ఎన్ని నిమిషాలు నిలబడుతుందో లెక్కపెట్టండి. మా షాపులో ఆ రోజు అది రెండు సెకన్లు కూడా నిలబడలేదు. బ్యాటరీ మార్చాక ఐదు నిమిషాలు వస్తోంది. సేవ్ చేసి, ఫోటోషాప్‌ని సరిగా మూయడానికి అది సరిపోతుంది.